9వ జనరేషన్ ఐప్యాడ్‌కి యాంటీ గ్లేర్ గార్డ్: మ్యాట్ ఫిల్మా, మ్యాట్ గ్లాసా, ఏఆర్ గ్లాసా?

మీరు అడిగింది ఇదీ: 10.2 అంగుళాల ఐప్యాడ్, 9వ జనరేషన్. పగలు కిటికీ పక్కన, రాత్రి ట్యూబ్‌లైట్ కింద తెలుగు పీడీఎఫ్‌లు చదువుతున్నారు, ఆపిల్ పెన్సిల్‌తో నోట్స్ కూడా రాస్తున్నారు. తెర మీద అక్షరాల కంటే ట్యూబ్‌లైటే బాగా కనపడుతోంది. యాంటీ గ్లేర్ పేరుతో బోలెడు గార్డులున్నాయి, ఏది తీసుకోవాలి?

మీ మోడల్‌కి, మీ వాడకానికి నేను చెప్పేది తక్కువ గరుకున్న మ్యాట్ పెట్ ఫిల్మ్ (పెట్ అంటే ఒక రకం ప్లాస్టిక్). మ్యాట్ గ్లాస్ వద్దు, ఏఆర్ గ్లాస్ వద్దు. కాగితం మీద రాసినట్టుండే పేపర్ ఫీల్ ఫిల్మ్ రోజూ గంటల తరబడి రాసేవాళ్ళకే. ఇదే ప్రశ్న ఐప్యాడ్ ఎయిర్ ఉన్నవాళ్ళు అడిగితే జవాబు వేరే. అందుకే కారణాలు కూడా చెప్తున్నాను.

యాంటీ గ్లేర్ అనే ఒక్క పేరుతో రెండు వేర్వేరు సరుకులు అమ్ముతారు. ఒకటి మ్యాట్. దీని పైభాగం కంటికి కనపడనంత సన్నటి గరుకుతో ఉంటుంది. పడిన వెలుతురుని అది తగ్గించదు, అన్ని వైపులకూ పరిచేస్తుంది. అందువల్ల ట్యూబ్‌లైట్ తెల్లటి కర్రలా కాకుండా పల్చటి తెల్లటి మసకలా కనపడుతుంది. రెండోది యాంటీ రిఫ్లెక్షన్, షాపుల్లో ఏఆర్ అంటారు. దీని పైభాగం నున్నగానే ఉంటుంది, కళ్ళద్దాలకు వేయించుకునే కోటింగ్ లాంటిదే. వెనక్కి వచ్చే వెలుతురుని నిజంగా తగ్గిస్తుంది. ట్యూబ్‌లైట్ ఆకారం మాత్రం అలాగే ఉంటుంది, కాకపోతే వెలిసిపోయి, కాస్త ఆకుపచ్చగానో ఊదాగానో కనపడుతుంది. బాక్స్ మీద యాంటీ గ్లేర్ అని మాత్రమే రాసి, ఫోటోలో తెర సగం మసగ్గా చూపిస్తే అది మ్యాట్ అనుకోవచ్చు. "క్లియర్" అన్న మాట కూడా ఉంటే అది ఏఆర్ అయినా కావచ్చు, మామూలు గ్లాసుకి పెట్టిన పేరు అయినా కావచ్చు. తేల్చుకోవాలంటే ఫోన్ టార్చ్ చాలు.

టార్చ్ వేసి, గార్డ్ మీద దాని ప్రతిబింబం చూడండి. మామూలు గ్లాసు మీద అది సూదిమొనలా తెల్లగా, పదునుగా ఉంటుంది. ఏఆర్ మీద అదే చుక్క మసకబారి, రంగు తేలుతుంది. తేలికపాటి మ్యాట్ మీద రూపాయి బిళ్ళంత గుండ్రటి మసక. బాగా గరుకున్న మ్యాట్ మీద అరచేతి వెడల్పున సున్నం కొట్టినట్టు తెల్లటి మచ్చ. ఈ చివరిది చూసి "అబ్బ, ప్రతిబింబమే లేదు" అని కొనేస్తారు చాలామంది. ఆ తెలుపంతా రేపు మీ అక్షరాల మీదే ఉంటుందని అప్పుడు తట్టదు.

ఇప్పుడు మీ ఐప్యాడ్ సంగతి. గాలికీ గాజుకీ మధ్య ఉన్న ప్రతి హద్దు దగ్గరా పడిన వెలుతురులో దాదాపు 4 శాతం వెనక్కి వస్తుంది. ఐప్యాడ్ ఎయిర్, ప్రో మోడళ్ళలో పైగాజుకీ డిస్‌ప్లేకీ మధ్య ఖాళీ లేకుండా అంటించేస్తారు, అదే లామినేటెడ్. పైగా ఏఆర్ కోటింగ్ కంపెనీలోనే వేస్తారు. 2014లో వచ్చిన ఎయిర్ 2 నుంచి ఈ పద్ధతి ఉంది, వెనక్కి వచ్చేది 1.8 శాతమేనని ఆపిల్ చెప్పుకుంటుంది. మీ 9వ జనరేషన్‌లో ఈ రెండూ లేవు. పైగాజు వేరు, డిస్‌ప్లే వేరు, మధ్యలో గాలి సందు. అంటే గాజు పైన ఒక మెరుపు, గాజు అడుగున ఇంకొకటి, డిస్‌ప్లే పైన మూడోది. చీకటి తెర మీద టార్చ్ కొంచెం వాలుగా వేసి చూస్తే చుక్క పక్కనే చుక్క కనపడుతుంది.

ఏఆర్ గార్డ్ మీకు అక్కర్లేదన్నది ఇందుకే. అది పైపొర మెరుపునే తగ్గిస్తుంది, లోపలి రెండూ అలాగే ఉంటాయి. డబ్బు పెట్టినంత తేడా కనపడదు. మ్యాట్ అలా కాదు. లోపలి నుంచి వచ్చే మెరుపు కూడా మ్యాట్ పొరలోంచి రెండుసార్లు, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ దాటాలి కాబట్టి మూడు చుక్కలూ మసకలో కలిసిపోతాయి. ఎయిర్ లేదా ప్రో ఉన్నవాళ్ళకి లెక్క తిరగబడుతుంది. వాళ్ళు ఏఆర్ కోటింగ్ ఉన్న తెర మీద మామూలు మెరిసే టెంపర్డ్ గ్లాస్ వేయించుకుంటే, 1.8 శాతం కాస్తా 4 శాతానికి పోతుంది. కంపెనీ వేసిన కోటింగ్‌ని డబ్బిచ్చి కప్పించుకున్నట్టు. ఏఆర్ గార్డ్‌కి అర్థం ఉన్నది అక్కడ. గెలాక్సీ ట్యాబ్ ఎస్10 ప్లస్, ఎస్10 అల్ట్రాలకు కూడా ఇదే మాట. ఇక 2024 ఐప్యాడ్ ప్రోలో 1 టీబీ, 2 టీబీ మోడళ్ళకు విడిగా ఇచ్చే నానో టెక్స్చర్ గాజు, అంటే కంపెనీయే సన్నటి గరుకు పెట్టిన గాజు, తీసుకున్నవాళ్ళు దాని మీద ఏ ఫిల్మూ వేయకూడదు. జిగురు ఆ గరుకులోకి దిగి, కొన్న ఫలితమే పోతుంది.

గాలి సందు వల్ల ఇంకో చిక్కు ఉంది. మ్యాట్ పొరకీ పిక్సెళ్ళకీ మధ్య దూరం పెరిగేకొద్దీ మసక పెరుగుతుంది. దాంతోపాటు తెల్లటి పేజీ మీద పంచదార పలుకుల్లా రంగురంగుల మిలమిల మొదలవుతుంది. గరుకులోని ఒక్కో చిన్న గుంట ఒక్కో భూతద్దంలా పనిచేసి, కింద ఉన్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల్లో ఏదో ఒకదాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. తల కాస్త కదిపితే రంగులు మారతాయి. పిక్సెళ్ళు ఎంత సన్నగా ఉంటే ఇది అంత ఎక్కువ. మీ తెర అంగుళానికి 264 పిక్సెళ్ళు, దీన్నే పీపీఐ అంటారు. గెలాక్సీ ట్యాబ్ ఏ9 ప్లస్ లాంటి 206 పీపీఐ తెర మీద ఊరుకునే ఫిల్మే, 326 పీపీఐ ఉన్న ఐప్యాడ్ మినీ మీద కళ్ళు లాగేస్తుంది. కాబట్టి వేరే ట్యాబ్ వాళ్ళు "సూపర్" అని రాసిన రివ్యూ చదివి నిర్ణయించుకోవద్దు, మీ మోడల్ వాళ్ళదే చూడండి.

మ్యాట్ గ్లాస్ వద్దన్నదీ ఇందుకే. మామూలుగా 0.33 మి.మీ. మందం ఉంటుంది, ఫిల్మ్ అందులో సగం. గరుకు ఇంకొంచెం పైకి జరుగుతుంది, మిలమిల ఇంకొంచెం పెరుగుతుంది. అసలే గాలి సందు వల్ల పెన్సిల్ మొనకీ గీత పడే చోటుకీ మధ్య ఎడం ఉన్న మోడల్ ఇది, దాన్ని పెంచుకోవడం దేనికి? "కింద పడితే?" అంటారేమో. ఫిల్మ్ గీతల నుంచే కాపాడుతుంది, పడితే ఆదుకోదు, నిజమే. అయితే ఈ మోడల్‌లో గాజు పగిలినా డిస్‌ప్లే బతికుంటే గాజు ఒక్కటే మార్చవచ్చు, లామినేటెడ్ వాటిలా మొత్తం డిస్‌ప్లే మార్చనక్కర్లేదు. అంచులు తెర కంటే ఎత్తుగా ఉన్న కేస్ వేయండి, దెబ్బ తగిలేది ఎక్కువగా మూలలకే. బాక్స్ మీద 9హెచ్ చూసి మురిసిపోవద్దు. అది పెన్సిల్ గీతల పరీక్షలో వచ్చే అంకె. సంచిలో దూరిన ఇసుక రేణువు గాజు కంటే గట్టిది, 9హెచ్ గాజు మీద కూడా గీత పెడుతుంది.

ఫిల్ముల్లో తక్కువ గరుకున్నది ఎలా కనుక్కోవాలన్నదే అసలు పని. కొన్ని కంపెనీలు హేజ్ అని, మసక ఎంతో చెప్పే ఒక శాతం ఇస్తాయి. చదవడానికైతే 10 అటూ ఇటూ ఉన్నది చూసుకోండి, 25 దాటితే పీడీఎఫ్‌కి పనికిరాదు. చాలావాటి మీద ఆ అంకే ఉండదు. అప్పుడు తెలుగు దినపత్రిక ఒకటి తీసుకోండి. వార్త మీద రెండు మామూలు పెన్సిళ్ళు పడుకోబెట్టి, వాటి మీద ఫిల్మ్ పరవండి, అంటే కాగితానికి దాదాపు 7 మి.మీ. ఎత్తున. పైన రక్షణ పొర ఉంటే ఒక మూల లేపి ఆ మూలలోంచే చూడండి. ఆ పొర జిగురు గరుకుని నింపేసి, ఫిల్మ్ ఉన్నదానికంటే నున్నగా కనపడేలా చేస్తుంది. ఇప్పుడు వత్తులు చూడండి. మంచి ఫిల్మ్ కింద ద్ధ, ద్య, క్ష విడివిడిగా తెలుస్తాయి, కొంచెం మెత్తబడతాయంతే. గరుకు ఎక్కువైతే వత్తు కాస్తా మచ్చయిపోతుంది, పకీ షకీ తేడా చూడటానికి కళ్ళు చికిలించాలి. తెర మీద అతికించాక దూరం ఇంత ఉండదు కాబట్టి మసకా ఇంత ఉండదు, రెండు ఫిల్ముల మధ్య ఎంపిక చేసుకోవడానికే ఈ పరీక్ష. ఇంగ్లీషు అక్షరాలతో చేస్తే అన్నీ బాగానే ఉన్నట్టనిపిస్తాయి. తెలుగు లిపిలో అర్థాన్ని మార్చేసే సన్నటి గీతలు ఎక్కువ, స్కాన్ చేసిన పాత పుస్తకాల్లో మరీనూ.

షాపులో తెర మీద ఊరికే పెట్టి చూపిస్తే, కింద గాలి ఉంటుంది కాబట్టి ఉన్నదానికంటే అధ్వాన్నంగా కనపడుతుంది. అది చూసి వదిలేయకండి. అబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల మెషీన్ మీద అక్కడికక్కడే కోసి ఇచ్చే మ్యాట్ హైడ్రోజెల్ ఫిల్ములు కూడా దొరుకుతాయి. ఫోన్లకు బాగానే ఉంటాయి గానీ, అది మెత్తటి పదార్థం. పెన్సిల్‌తో రాస్తే మొన దిగి గాట్లు పడతాయి, కొన్ని మళ్ళీ సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. నోట్స్ రాసే మీకు పెట్ ఫిల్మే మేలు.

సైజు దగ్గర పొరపాటు పడకండి. మీ 10.2కి 7, 8, 9 జనరేషన్ల గార్డులన్నీ ఒకటే, ఏది దొరికినా పర్లేదు. ఇది చదువుతున్న 10వ జనరేషన్ వాళ్ళకి: మీ 10.9, ఎయిర్ 10.9 ఒకటి కావు. బాడీ పొడవులో, వెడల్పులో దాదాపు 1 మి.మీ. చొప్పున తేడా, కెమెరా కూడా వేరే అంచున ఉంటుంది. డిస్‌ప్లే కింద వేలిముద్ర సెన్సార్ ఉన్న గెలాక్సీ ట్యాబ్‌లకు మందపాటి మ్యాట్ గ్లాస్ వేస్తే సెన్సార్ మొరాయిస్తుంది. మీకు హోమ్ బటన్‌లోనే టచ్ ఐడీ కాబట్టి ఆ బెడద లేదు. బ్లూ లైట్ కట్ అని కలిపి అమ్మేవి పసుపు ఛాయ తెస్తాయి. ఆ పని నైట్ షిఫ్ట్ సెట్టింగ్ ఉచితంగా చేస్తుంది.

పెన్సిల్ గురించి. మామూలు మ్యాట్ ఫిల్మ్ మీద గాజు మీదున్నంత జారుడు ఉండదు, నోట్స్‌కి అది చాలు. పేపర్ ఫీల్ అన్నవి కావాలని గరుకు పెంచినవి. రాత అందంగా వస్తుంది గానీ పెన్సిల్ మొనని ఉప్పుకాగితంలా అరగదీస్తాయి. మొన ఒక పక్క చదునుగా అయిందా, ప్లాస్టిక్ లోంచి లోహం తొంగిచూస్తోందా అని నెలకోసారి చూసుకోండి. లోహం కనపడితే వెంటనే మార్చాలి, లేకపోతే ఫిల్మ్ చీరుకుపోతుంది. మొనని స్క్రూలా తిప్పితే ఊడుతుంది. మొదటి తరం పెన్సిల్ పెట్టెలో అదనపు మొన ఒకటి ఇస్తారు, పెట్టె ఎక్కడ పెట్టారో వెతకండి.

అతికించడం. ఫిల్మ్ పెద్దది కాబట్టి ఫోన్‌కి వేసినట్టు చేతి అంచనాతో వేస్తే వంకర పోతుంది. గదిలో ఫ్యాన్ ఆపండి, ఎక్కువమంది మర్చిపోయేది ఇదే. వీలుంటే బాత్‌రూమ్‌లో వేడినీళ్ళు రెండు మూడు నిమిషాలు వదిలి, కట్టేసి, ఐదు నిమిషాలాగి లోపలికి వెళ్ళండి. ఆవిరికి గాల్లో దుమ్ము కిందికి దిగిపోతుంది. అద్దం మీద నీళ్ళు కారేంత ఆవిరి మాత్రం వద్దు. ఐప్యాడ్ ఆపేయండి, నల్లటి తెర మీదే నలకలు తెలుస్తాయి. ముందు తడి వైప్, తర్వాత పొడి మైక్రోఫైబర్ గుడ్డ, చివర డస్ట్ స్టిక్కర్. టార్చ్‌ని తెరకి దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి వెలిగిస్తే, లేవనుకున్న నలకలు కూడా నీడలతో సహా బయటపడతాయి.

ఇంకా ఏ పొరా తీయకుండానే ఫిల్మ్‌ని తెర మీద పెట్టి, హోమ్ బటన్ గుండ్రాన్ని, కెమెరా చోటుని సరిచూసుకోండి. కుదిరాక ఒక పొడుగాటి అంచు వెంట రెండు చోట్ల టేపు వేసి బిగించండి. ఇప్పుడు ఫిల్మ్ పుస్తకం అట్టలా తెరుచుకుంటుంది. తెరిచి, జిగురు వైపు పొర తీయండి. మామూలుగా 1 అని రాసి ఉండేది అదే. తీసీతీయగానే స్థిరవిద్యుత్తుకి దుమ్ము ఎగిరొచ్చి అంటుకుంటుంది కాబట్టి ఆలస్యం చేయకుండా మూయండి. అతికేది దానంతటదే పాకుతుంది. గుడ్డ చుట్టిన ఏటీఎం కార్డుతో మధ్య నుంచి అంచులకు నెట్టండి. 2 అని ఉన్న పై పొర ఆఖర్న తీయండి. ఆ పొర తీయకుండా వాడుతూ "మ్యాట్ అన్నారు, మెరుస్తోంది" అని ఒక స్టార్ ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

బుడగ మధ్యలో తెల్లటి చుక్క ఉందా లేదా చూడండి. లేకపోతే అది గాలి, ఆవగింజంత ఉన్నవి ఒకటి రెండు రోజుల్లో పోతాయి. చుక్క ఉంటే అది నలక, ఎన్నాళ్ళున్నా పోదు. దగ్గరి మూల పైన టేపు అంటించి దాంతోనే పైకి లాగండి, గోరు పెడితే అంచు మడత పడుతుంది. ఇంకో టేపు ముక్కని వేలికి తిరగేసి చుట్టి, ఫిల్మ్ అడుగున, గాజు మీద రెండు చోట్లా అద్ది నలక తీయండి. నోటితో ఊదకండి, తుంపర్లు పడితే అవి మరకలై ఉండిపోతాయి. సూదితో బుడగ పొడిస్తే అక్కడ తెల్లటి పుండు మిగులుతుంది. ఒకటి రెండు రోజుల తర్వాత మూలలు లేస్తుంటే తప్పు జిగురుది కాకపోవచ్చు, కేస్ అంచు ఫిల్మ్ మీదికి ఎక్కుతోందేమో చూడండి. అంచుల్లో అర మిల్లీమీటరు తక్కువున్న, కేస్ ఫ్రెండ్లీ అని రాసిన ఫిల్మ్ అందుకే.

తర్వాత నూనె సంగతి. కొబ్బరినూనె రాసుకున్న తల నిమిరి, లేదా పకోడీలు తింటూ పేజీ తిప్పితే, ఆ వేలు పడ్డచోట మ్యాట్ పోయి గాజులా మెరుస్తుంది. నూనె ఆ గుంటల్లో నిండిపోతుంది, దానికీ ప్లాస్టిక్‌కీ వెలుతురు వంగే తీరు దగ్గరదగ్గర కాబట్టి గరుకు ఉన్నా లేనట్టే. పొడి గుడ్డతో రుద్దితే పక్కకి పూసుకుంటుంది. గ్లాసుడు నీళ్ళలో ఒక్క చుక్క గిన్నెల లిక్విడ్ వేసి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి, ఆనక ఉత్త తడిగుడ్డతో ఒకసారి. చేతుల శానిటైజర్ వాడొద్దు, అందులో చాలావాటికి గ్లిజరిన్ కలుపుతారు, అది కూడా గుంటల్లోనే కూర్చుంటుంది. కడిగినా పోని మెరుపు మచ్చ, అదీ అరచేయి ఆనించి రాసే చోటే ఉంటే, గరుకు అరిగిపోయిందని అర్థం. ఫిల్మ్ మార్చడమే. రెండు ఫిల్ములున్న ప్యాక్ కొనమనడానికి ఇదో కారణం, మొదటిది అతికించేటప్పుడు పాడవడం రెండో కారణం.

ఫిల్మ్ వచ్చేలోపు చేయగలిగినవి రెండున్నాయి. కిటికీ దగ్గర చదివేటప్పుడు డార్క్ మోడ్ తీసేయండి. నల్లటి నేపథ్యం మీదే ప్రతిబింబం బాగా తేలుతుంది, తెల్లటి పేజీలో చాలావరకు మునిగిపోతుంది. కిటికీ మీ వీపు వెనక కాకుండా పక్కన ఉండేలా కుర్చీ జరపండి, స్టాండ్‌ని కొంచెం ముందుకి వంచండి. ఇంతటితోనే సమస్య తీరితే గార్డ్ కొనకండి. వీడియోలే ఎక్కువ చూసేవాళ్ళకైతే మ్యాట్ వల్ల నలుపు బూడిదగా కనపడి చిరాకేస్తుంది.

డాబా మీద, పొలంలో, ఎండలో చూడాలనుకుంటే మ్యాట్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఉజ్జాయింపు లెక్క: గదిలో 300 లక్స్ (మీద పడే వెలుతురు కొలత) వెలుతురులో 4 శాతం పరుచుకుంటే తెర మీద చేరే తెలుపు దాదాపు 4 నిట్లు (తెర నుంచి వచ్చే వెలుగు కొలత), మీ తెర 500 నిట్లు ఇవ్వగలదు కాబట్టి లెక్కే కాదు. మండుటెండ 1,00,000 లక్స్ దాకా ఉంటుంది. అదే 4 శాతం పూర్తిగా పరుచుకుంటే 1,200 నిట్ల పైమాట, మీ తెర ఇచ్చేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. అక్కడ పనిచేసేది నీడ, ఆ తర్వాత బ్రైట్‌నెస్.